పూచీ

"మీకెవరి మీదన్న అనుమానముందా?" ఇన్‌స్పెక్టర్ లింగమూర్తి కాగితం మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఎవరి మీదా లేదండి."

"ఎవ్వరితోనన్న కొట్లాట?"

"లేదండి."

"మరి రివాల్వర్ లైసెన్సు ఎవర్ని కాల్చనీకి?"

గోడవార నిలబడ్డ జవాను కిసుక్కున నవ్వాడు. రామబ్రహ్మం కుర్చీ అంచుమీదే ఇబ్బందిగా కదిలాడు.

"కాల్చడానికి కాదండి. నడుముకి ఉందని తెలిస్తే ఎవడూ దగ్గరికి రాడని. శనివారం శనివారం జీతాల డబ్బు బ్యాంకు నుంచి నేనే స్కూటర్ మీద తెస్తాను. పార్థసారథిగారూ అలాగే తెచ్చేవారు."

ఆ పేరు వినగానే జవాను నవ్వు ఆగిపోయింది.

బాలానగర్‌లో రామబ్రహ్మం లేతు షెడ్డు పక్కనే పార్థసారథి పోతపని కార్ఖానా. కిందటి నెల పట్టపగలు, ఫతేనగర్ రైలు గేటు దాటగానే ఎవరో అడ్డగించారు. సంచి వదలనన్నందుకు గుండెల్లో కాల్చి పోయారు. పాడె మోసిన నలుగురిలో రామబ్రహ్మం ఒకడు. "ఆ చేతులు పడిపోను!" అంటూ పార్థసారథి భార్య కనకలక్ష్మి పెట్టిన శాపనార్థాలు ఇంకా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. అప్పట్నుంచి శనివారం స్కూటర్ చప్పుడు వినపడేదాకా రామబ్రహ్మం భార్య రత్నమాల పచ్చి మంచినీళ్లు ముట్టదు.

"సరే, ఎంక్వయిరీకొస్త. పోండ్రి" అన్నాడు లింగమూర్తి.

అన్నట్టే వచ్చాడు. ఆయన షెడ్డులో అడుగుపెట్టేసరికి రామబ్రహ్మం, ఓ ఇనప బుష్షు చేత్తో పట్టుకుని పనివాడి మీద విసుక్కుంటున్నాడు.

"పోచయ్యా, చుక్కలేవి?"

"కొడ్త సార్, ఏడికి పోతయ్? అయినా, గీ చుక్కలు చూసి కొంటరా ఎవలన్న?"

"కొనేవాడి కోసం కాదయ్యా, మన కోసం."

"ఏంది చుక్కల కత?" అన్నాడు లింగమూర్తి స్టూలు మీద కూర్చుంటూ.

"మా నాన్న అలవాటండి. రేపల్లె దగ్గర పల్లెటూళ్లో కమ్మరి. ప్రతి కొడవలి మీదా మూడు చుక్కలు కొట్టేవాడు. వస్తువు మన గడప దాటినా పూచీ మనదేరా అనేవాడు. ఆ కొలిమి మీదే నన్ను ఇంజినీరింగు చదివించాడు. ఆ మాట తప్పబుద్ధి కాదు."

"మంచిదే. ఏమేం చేస్తరు ఈడ?"

"బోల్టులు, బుష్షులు, మోటారు షాఫ్టులు. పొలాల్లో పురుగుమందు కొట్టే పంపులకి గొట్టాలు కూడా. ఐలయ్యగారని ఒకాయన చేయించుకుంటారు. పల్లెల్లో మోటుగా వాడతారని మందంగా చెయ్యమంటారు."

"మా అన్నకు గూడ ఓ పంపు కావాలె. పోయినేడు పత్తంత పురుగే తిన్నది" అన్నాడు లింగమూర్తి, చాయ్ ఊదుకుంటూ. లేచేటప్పుడు మాత్రం, "మీ నడవడికి పూచీ ఇయ్యనీకి ఇద్దరు పెద్దమనుషులు కావాలె. ఠాణాకొచ్చి చెప్పాలె" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. ఇరుగుపొరుగు షెడ్లవాళ్లు పోలీసులనగానే మొహం చాటేశారు. "వాడికి తుపాకీ ఇస్తే రేపు మనమీదికే తిప్పుతాడేమో" అని ఒకాయన పరాచికాలాడాడు కూడా. రామబ్రహ్మం ఆఖరికి ఐలయ్యని అడిగాడు. పోచయ్య కూతురికి జ్వరమొస్తే తన జీపులో దవాఖానకి తీసుకెళ్లిన మనిషి.

"ఏమన్న అడుగుండ్రి సారూ, కాదన. ఠాణా మెట్లు మాత్రం ఎక్క. మా తాతల కాలం సంది మాకు అచ్చిరాలే" అని ఐలయ్య దండం పెట్టాడు. గొట్టాల మూట జీపులో వేసుకుంటూ, "అయినా పిస్తోలెందుకు మీకు? దేవుడు లేడా?" అన్నాడు.

లైసెన్సులిచ్చే కచేరీలో గుమస్తా ఇంకో మాట అన్నాడు. "భయం అందరికీ ఉన్నది సార్. అందరికీ తుపాకులిస్తే, ఇగ పోలీసోళ్లెందుకు?"

శనివారాలు వస్తూనే ఉన్నాయి. కడుపుకి కట్టుకున్న సంచి మీద చొక్కా వదులుగా వేసుకుని, వెనక మోటారు సైకిలు వినపడినప్పుడల్లా వెన్ను బిగపట్టుకుని, రైలు గేటు దాటుతూనే ఉన్నాడు. గేటు వేసి ఉన్న రోజున మాత్రం, రైలు పోయేదాకా స్కూటర్ ఇంజను ఆపేవాడు కాదు.

ఓ ఉదయం జవాను వచ్చి రమ్మన్నాడు. లింగమూర్తి మొదటిసారి ఎదురొచ్చి కూర్చోబెట్టాడు.

"దొరికిన్రు."

"ఎవరండి?"

"మీ దోస్తును చంపినోళ్లు. ఇద్దరు." సొరుగులోంచి గుడ్డమూట తీసి బల్ల మీద విప్పాడు. నాటు పిస్తోలు. మొరటు కర్ర పిడి, దాని పైన గొట్టానికి దట్టంగా చుట్టిన ఇత్తడి తీగ. "ఏడ కొన్నరంటే నోరిప్పుతలేరు. పిడి చూస్తే కర్రపని చేసే వడ్లోని పని లెక్కుంది. లోపలి ఇనుము మాత్రం లేతు మీద చేసిందే. మీరు ఇంజినీరు. బాలానగర్‌ల ఇది ఎవరి చేతిపనో జర చూసి చెప్పుండ్రి. వాణ్ణి గూడ లోపలేస్త."

ఇంకో చేత్తో రామబ్రహ్మం దరఖాస్తు ముందుకి జరిపి, కలం మూత తీశాడు.

"మీ పూచీ ఇగ నాది. ఇది చెప్పుండ్రి, సంతకం పెట్టేస్త."

రామబ్రహ్మానికి కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకి తనని నమ్మినవాడు ఒకడు దొరికాడు. పార్థసారథికి ఈ మాత్రం రుణం తీర్చుకోవచ్చు. శనివారం రత్నమాల వేళకింత అన్నం తింటుంది.

"తప్పకుండా చెబుతానండి. అలాంటివాణ్ణి వదలకూడదు" అన్నాడు.

పిస్తోలు కిటికీ వెలుగులోకి తీసుకెళ్లాడు. గోటితో తీగ కొస పట్టి, ఒక్కో చుట్టూ విప్పసాగాడు.

"తెలిసిందా?" అన్నాడు లింగమూర్తి వెనకనించి.

తీగ కింద మూడు చుక్కలున్నాయి.