చల్లారని జాడీ

నాలుగొందల ఏళ్ల నాటి జాడీ గాజుపూతలో స్ఫటికాలను ఎక్స్‌రేతో కొలవడం ఆమె పని. సాయంత్రం కొలిచిన చోటే రాత్రి మళ్లీ కొలిస్తే, అవి పెద్దవయ్యాయి. బట్టీ వేడి తగిలితే తప్ప స్ఫటికం పెరగదు. యంత్రానికి మతి పోయిందేమోనని, కొలత ముందే తెలిసిన పొడిని పెట్టి చూసింది. లెక్క వెంట్రుకవాసి తప్పలేదు. ఇక అనుమానం తోటి ఉద్యోగి మీదికి పోయింది. జాడీ మార్చేశాడా? ఫోన్ చేసింది.

"గది తాళాలు నీ దగ్గరేగా ఉన్నాయి, అక్కా. నా మీద పడతావేంటి?" అన్నాడతను.

తాళాలు ఆమె జేబులోనే ఉన్నాయి.

యంత్రం ఆపింది. నిశ్శబ్దంలో జాడీ చిటుక్కుమంది. కాసేపాగి మళ్లీ. జాడీలు కాల్చే తాత దగ్గర చిన్నప్పుడు విన్న చప్పుడది. అప్పుడే బట్టీలోంచి తీసినవి చల్లారుతూ చేసే చప్పుడు.

చెయ్యి చాపింది. జానెడు దూరంలోనే సెగ తగిలింది.