మడిలక్కి

పక్షుల అభయారణ్యం గేటు దగ్గర ఉలిగప్పను కాపలా మనిషి ఆపి, చంకలోని మూట పట్టుకున్నాడు.

విప్పి చూస్తే బియ్యం, పసుపు, కుంకుమ, కొబ్బరిగిన్నె, పచ్చ రవికె గుడ్డ.

తినే వస్తువులు లోపలికి తేకూడదని, పక్షులకు మేత వేయకూడదని అతను బోర్డు చూపించాడు.

హిందూపురం పక్క పల్లె నుంచి తిరుపతికని బయలుదేరిన టెంపోను, కొండ దిగాక ఉలిగప్ప ఈ సముద్రపు ఒడ్డుకు తిప్పించింది ఆ మూట కోసమే.

వాళ్ళ ఊరికి ఏటా చలి తగ్గే వేళకు ఎర్రకాళ్ళ కొంగలు వచ్చేవి. చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపుకుని, వానలకు ముందు వెళ్ళిపోయేవి. ఆడబిడ్డలు పురిటికి వచ్చారనేవాళ్ళు ఊళ్ళో. అవి ఉన్నన్నాళ్ళు టపాకాయ కాల్చరు. పెండ్లికైనా పలక మోగించరు.

కరువులో ఉలిగప్ప తన గట్టు మీది చింతమాన్లను ఇటుకబట్టీకి అమ్మాడు.

ఆ ఏడు కొంగలు రాలేదు. మరుసటేడూ రాలేదు. చెరువూ నిండలేదు.

ఎవరూ అతన్ని నేరుగా ఏమీ అనలేదు. అతను టీ అంగడి దగ్గరికి రాగానే మాట మార్చేవాళ్ళు, అంతే. దాంతో అతనికి అన్నం సయించడం మానేసింది.

అలిగిన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళే పోయి పిలుచుకు రావాలి. కొంగలున్న చోటికే పోయి పిలిచి వస్తానని అతను అన్నప్పుడు ఊళ్ళో ఒక్కరూ నవ్వలేదు.

కాపలా మనిషి నవ్వాడు. "ఏం పెద్దాయనా, కొంగలకి పసుపు కుంకుమా?"

సందర్శకుల కేంద్రం వరండా ఊడుస్తున్న ఆడమనిషి చీపురు పక్కన పెట్టి వచ్చింది. చీర మీద ఖాకీ కోటు, ఉప్పుగాలికి నల్లబడి పెళుసెక్కిన ముఖం. వయసెంతో పోల్చుకోవడానికి వీల్లేదు.

"అది మేత కాదన్నా, మడిలక్కి. పుట్టింటోళ్ళు ఆడబిడ్డ ఒళ్ళో పోసే బియ్యం. పోనీ, నేను చూసుకుంటా" అంది.

చెప్పకుండానే అర్థం చేసుకునే మనిషి దొరికిందని ఉలిగప్పకు ప్రాణం లేచొచ్చింది. అంతకు మించి ఆలోచించలేదు.

టెంపోలో వచ్చిన ఊరివాళ్ళందరికీ ఆమె మంచినీళ్ళిచ్చింది. గోడల మీది బొమ్మలు చూపించింది. మధ్యమధ్యలో మీ చెరువులో నీళ్ళున్నాయా, బోర్లు ఎండిపోయాయా, వేరుశనక్కాయ పండిందా అని అడిగింది. ఉలిగప్ప ఊఁ, ఆఁ అన్నాడు. అతని చూపంతా కిటికీ అవతలే ఉంది.

మిద్దె మీదికి ఎక్కితే కనుచూపు మేర నీళ్ళు. నీళ్ళలో బారులు తీరి గులాబీరంగు పక్షులు.

ఉలిగప్ప చేతులు జోడించాడు.

"మనవి కావయ్యా అవి" అంది ఆమె. "మనవి ఆ చెట్ల మీద ఉండాయి."

టెంపోలో అందరికంటే పెద్దది, ఆమడగూరు నుంచి ఆ ఊరికి కోడలుగా వచ్చిన పుట్టమ్మ, తల తిప్పి ఆమె ముఖంలోకి చూసింది.

నీళ్ళలో మునిగిన చెట్ల నిండా కొంగలే. గూళ్ళు కూడా కట్టుకున్నాయి. ఇక్కడే కాన్పులు పెట్టుకున్నాయే అనుకున్నాడు ఉలిగప్ప.

అప్పుడు గుర్తొచ్చింది అసలు చిక్కు. మడిలక్కి ఒడిలో పడాలి. కొంగకు ఒడి ఏది? వెంట వచ్చిన ఆడవాళ్ళంతా ఊరికి కోడళ్ళే. ఊళ్ళో పుట్టిన ఆడబిడ్డ ఒక్కతీ లేదు.

ఆ మనిషి కోటు గుండీలు విప్పి, కొంగు చాపింది.

"నా ఒళ్ళో పొయ్యండి. వాటి బదులు."

ఉలిగప్ప వెనక్కి జరిగాడు.

"నీకెట్ల పోస్తామమ్మా? మా ఊరి ఆడబిడ్డకు పోసేది ఇది. చెయ్యి చాపినోళ్ళకంతా పెట్టేది కాదు."

ఆమె కొంగు వదిలేసింది. "అదీ నిజమేలే" అని, మెల్లగా గుండీలు పెట్టుకుంది.

కిందికి దిగి, కొంగలు కనబడే చోట మట్టిలోనే రవికె గుడ్డ పరిచి ఉలిగప్ప బియ్యం పోశాడు. తప్పైపోయింది తల్లీ, ఇంటికి రాండి అని నేలకు నుదురు ఆనించాడు.

టెంపో కదిలినప్పుడు చూస్తే, ఆ మనిషి గొంతుక్కూర్చుని చెదిరిన గింజలు కొంగులోకి ఏరుకుంటోంది.

ఇంత చెప్పినా బియ్యానికి ఆశపడిందని ఉలిగప్ప సణిగాడు.

కదిరిలో బొరుగుల వగ్గాణి తిన్నాడు. ఎన్నాళ్ళకో కడుపు నిండింది. వెనక సీట్లలో ఆడవాళ్ళు పాటలెత్తుకున్నారు. పుట్టమ్మ మాత్రం ఏమీ ముట్టలేదు. టెంపో ఓబులదేవరచెరువు దాటింది.

"ఏమవ్వా, కొంగలు రావంటావా?" అన్నాడు ఉలిగప్ప.

"అవి వస్తాయిలే." "కొళాయి కాడ నా చెయ్యి పట్టుకోని, చెప్పొద్దవ్వా, మొక్కు తీర్చుకోని పోనీ అని ఒట్టేయించుకునింది. ఆ ఒట్టు మోసుకోని ఊర్లో అడుగు పెట్టడం నా చేత కాదబ్బా."

"ఎవురు?"

పుట్టమ్మ కిటికీ వైపు తిరిగింది.

"నీ ముందర కొంగు చాపింది మీ యన్న కూతురు వెంకటక్కరా, కులం కానోన్ని కట్టుకునిందని ఇరవై ఏండ్ల కింద నువ్వు గడ్డిబొమ్మకు పాడె కట్టించి సాగనంపిన పిల్ల."