చివరివాడు

"తాతగారూ, ఇక సైకిలు దిగి నడవండి. ఈ వయసులో మీకీ పంతాలెందుకు?" వంతెన ఎక్కుతూ వెనక్కి తిరిగి అరిచాడు లెక్చరరు.

కొత్తగా సైకిలెక్కినవాళ్లకు ఎక్కడైనా బృందం ఉందా అని నెల్లాళ్లు వెతికి, ఈ ఆదివారమే ఇందులో చేరాడు. ముందు వెళ్లినవాళ్లు కనుచూపు మేరలో లేరు. వెనక ఉన్నది ఈ బట్టతల పెద్దాయన ఒక్కడే. చివరివాడు తాను కానందుకు అతనికి ప్రాణం హాయిగా ఉంది.

"మీరు పదండి బాబూ, నేను మెల్లగా వస్తాను."

"ఆ, వస్తారు! నత్త కూడా వస్తుంది. కొత్తవాళ్లు రావచ్చన్నారు కదా అని కాటికి కాళ్లు చాపినవాళ్లు కూడా బయల్దేరితే ఎలా?"

పెద్దాయన నవ్వాడు.

వంతెన మధ్యలో లెక్చరరు సైకిలు చైను ఊడిపోయింది. పెద్దాయన దిగి, చిటికెలో ఎక్కించి, చేతులు తుడుచుకున్నాడు. "గేరు తగ్గించి తొక్కండి. అంత ఆయాసం రాదు."

"తొక్కడం రాకపోయినా సలహాలకు లోటు లేదు," అని గొణుక్కుంటూ అతను బయల్దేరాడు.

అవతలి ఒడ్డున పార్కు గేటు దగ్గర అందరూ ఆగి ఉన్నారు. ముందుండి నడిపించిన నర్సు అతనికి నీళ్ల సీసా అందించింది.

"ఆలస్యమైందని నన్ననకండి మేడమ్. ఈ ముసలాయన్ని లాక్కొచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇలాంటివాళ్లనెందుకు చేర్చుకుంటారు?"

నర్సు తెల్లబోయింది. "అయ్యో, ఈ బృందం పెట్టిందే ఆయనండీ. మాకందరికీ తొక్కడం నేర్పిందీ ఆయనే. అందరికన్నా వెనకబడినవాళ్లు ఒంటరిగా మిగలకూడదని ఎప్పుడూ వాళ్ల వెనకే వస్తారు."

లెక్చరరు సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు.

"వచ్చే ఆదివారం కూడా వస్తారుగా బాబూ?" వెనకే వచ్చి సైకిలు దిగుతూ పెద్దాయన అడిగాడు.

అతను తలెత్తలేదు.

"వస్తాను... మాస్టారూ."