రెండో విడతలో చూద్దాం

"ఇవాళ ఎవర్ని చంపుదాం మేడమ్?"

పొద్దున్నే కాఫీ కప్పుతో వచ్చి యముడు అడిగే మొదటి ప్రశ్న అది. అతని అసలు పేరు ఆఫీసులో ఎప్పుడో మర్చిపోయారు.

అదొక ఓడల కంపెనీ. ఉద్యోగుల వ్యవహారాలన్నీ పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారుస్తున్నారు. అది పూర్తయ్యేదాకా రోజువారీ పనంతా పాతదాంట్లోనే. కొత్తదాన్ని ముందు అన్ని రకాలుగా పరీక్షించాలి కదా! మనిషి చేరితే ఏమవుతుంది, సెలవు పెడితే ఏమవుతుంది, పోతే ఏమవుతుంది. ఉద్యోగుల రికార్డులకు కాపీలు తీసి, వాటిలో కొందర్ని 'మరణించారు' అని మార్చే పని అతనిది. అందుకే ఆ పేరు.

ఏ పరీక్ష ఎప్పుడు చెయ్యాలో నిర్ణయించేది ప్లానమ్మ. ఆవిడకీ అసలు పేరుంది, పిలిచేవాళ్లే లేరు.

పాత సిస్టమ్‌లో ఒక దరిద్రం ఉంది. ఓడ మీద ఎవరైనా పోయారని కెప్టెన్ నమోదు చేశాడా, అంతే! ఆఫీసులో పురుగుకు కూడా తెలియకముందే ఇంటివాళ్ల ఫోన్‌కి సంతాపం మెసేజ్ వెళ్లిపోతుంది. కొత్తదాంట్లో అలా జరక్కుండా మధ్యలో ఒక గేటు పెట్టారు. ఆఫీసు మనిషి ఇంటికి వెళ్లి నోటితో చెప్పి వచ్చాకే మెసేజ్ కదలాలి.

ఆ గేటు పనిచేస్తోందో లేదో చూడటాన్ని ప్లానమ్మ మొదటి విడతలోనే పెట్టింది. పెద్ద మేనేజర్ వచ్చి విసుక్కున్నాడు.

"ఇన్ని పరీక్షలా? మన ఓడలు తుప్పు పట్టేదాకా ఇదే పనా? కాస్త తగ్గించమ్మా."

ఆవిడ వాదించలేదు. ఆయనతో వాదించే ఓపిక ఆ రోజు లేదు. గేటు పరీక్షని కొట్టేసి, "సరే, రెండో విడతలో చూద్దాం" అనేసింది. అప్పట్నుంచీ లోపలెక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

ఇవాళ యముడు గుప్పెడు మందిని చంపి, చేతులు దులుపుకుని భోజనానికి వెళ్లాడు. ప్లానమ్మ కూడా లేవబోతుంటే ఫోన్ మోగింది. రిసెప్షన్‌లో అమ్మాయి.

"మేడమ్, ఎవరో ఒకావిడ లైన్లో ఏడుస్తున్నారు. వాళ్లాయన మన ఓడలో వంటాయనట. పోయాడని మన కంపెనీ నుంచి మెసేజ్ వచ్చిందట. ఓడకి ఫోన్ కలవట్లేదట. స్టాఫ్ సెక్షన్‌లో ఎవరూ ఎత్తడం లేదు. ఏం చెప్పమంటారు?"

ప్లానమ్మకి వెంటనే యముడు పొద్దున చంపినవాళ్లు గుర్తొచ్చారు. గేటు!

"ఏమీ చెప్పకు. అడ్రస్ తీసుకో" అంది.

మెట్లు దిగుతూనే యముడికి మెసేజ్ పెట్టింది. 'గేటు పనిచేయలేదు. వంటాయన ఇంటికి వెళ్తున్నా. ఇంకెవరెవరికి వెళ్లాయో చూడు.'

టాక్సీలో దారంతా తనని తనే తిట్టుకుంది. ఆ పరీక్ష కొట్టేయడానికి చెయ్యెలా వచ్చిందే నీకు? ఆయన కసిరితే కసిరేవాడు, నీ సొమ్మేం పోయేది? ఇప్పుడు చూడు, ఒక ఆడదాని ఉసురు పోసుకున్నావు.

ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. కాలిన గుడ్డ వాసన. ఇస్త్రీ బల్ల మీద మగవాళ్ల చొక్కా, దాని వీపు మీద ఇస్త్రీపెట్టె అంత నల్లటి మచ్చ. పక్కనే నేల మీద ఆవిడ, ఒళ్లో ఫోన్. గోడకి ఆనుకుని ముసలి అత్తగారు, గుడ్లప్పగించి చూస్తోంది.

"అమ్మా, నేను కంపెనీ నుంచి వచ్చాను" అంది ప్లానమ్మ. "ఆ మెసేజ్ నిజం కాదు. కొత్త సిస్టమ్‌ని పరీక్షిస్తున్నాం. ఉత్తుత్తి రికార్డులతో. పొరపాటున మీకు వచ్చేసింది. మీవారికేం కాలేదు."

"ఏం కాలేదా?"

"ఏం కాలేదు. తప్పంతా నాదే. తిట్టండి, కొట్టండి, పడతాను."

ఆవిడ కొట్టలేదు. ఒక్క ఉదుటున లేచి ప్లానమ్మని కావలించుకుని భోరుమంది.

"అత్తయ్యా! ఉన్నాడట! మీ అబ్బాయి ఉన్నాడట!"

"నేను చెప్పలేదూ?" అంది ముసలావిడ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "వాడు మొండి ఘటం. అంత తేలిగ్గా పోతాడా?"

"మళ్లీ ప్రాణం పోశారక్కా" అంటూ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంటే, ప్లానమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

"అయ్యో, నాకు దండాలెందుకమ్మా? నోరారా నాలుగు తిట్టు, నా మనసు తేలికపడుతుంది."

ఆవిడ ఏడుపులోంచే నవ్వింది. "నేను తిట్టడం కాదు, ఆయనే నన్ను తిడతారు. ఈ చొక్కా అంటే ప్రాణం. వచ్చేవారం దిగుతారు కదా అని ఇస్త్రీకి తీశా. చూడండి, ఎలా తగలబెట్టానో!"

టీ తాగందే కదలనివ్వనని వంటింట్లోకి పరిగెత్తింది. గిన్నెల చప్పుడు మొదలైంది. ముసలావిడ కాళ్లు బారజాపి, కొడుకు చిన్నప్పుడు చేసిన ఆగడాలు ఒక్కొక్కటీ చెప్పుకొస్తోంది.

ప్లానమ్మ ఊపిరి పీల్చుకుంది. వెళ్లగానే గేటుని మొదటి విడతలోకి తెచ్చేస్తుంది. పెద్ద మేనేజర్ గంతులేసినా సరే.

ఫోన్ మోగింది. తెర మీద 'యముడు'. వరండాలోకి వచ్చి ఎత్తింది.

"మేడమ్, మీరింకా వాళ్లింటికి వెళ్లలేదు కదా?" అతని గొంతు ఎప్పటిలా లేదు.

"వచ్చేశాను. చెప్పేశాను కూడా. పాపం, పిచ్చి సంతోషంలో ఉన్నారు. ఏం?"



"అక్కా, చక్కెర ఎంత వెయ్యను?" వంటింట్లోంచి కేక.

"మన గేటు బాగానే పనిచేసింది మేడమ్... ఆవిడకి మెసేజ్ వెళ్లింది పాత సిస్టమ్ నుంచి, పొద్దున కెప్టెన్ నమోదు చేశాడు."