మట్టి అద్దని గూడు

ఏటిగట్టు తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లాలంటే వాడే అల్లాలని ఏటి అవతల కూడా చెప్పుకునేవారు. అక్కడి పక్షులు కొంగతో కబురు పెడితే, గూడు అల్లి ఆ కొంగతోనే పంపించేవాడు.

గాలికి ఊగకుండా గూటి లోపల తడిమట్టి అద్దడం గిజిగాళ్ల ఆచారం. బరువు మోయలేనని కొంగ సణుగుతోందని, పంపే గూళ్లకు వాడు ఆ మట్టి మానేశాడు.

ఒకనాడు కొంగ వచ్చి, "మామా, పిచ్చుకమ్మకు పంపిన గూడు గాలికి గిరగిరా తిరుగుతోందట. గుడ్లు పెట్టే వేళ కదా, వేరేది పంపమంటోంది" అంది.

"చెట్టు దాటిన గూటికి నా పూచీ లేదు. కొమ్మకు కట్టుకోవడం చేతకాక నా పనికి వంకలా?" అని గిజిగాడు కసిరాడు.

పిచ్చుక ఇంకో రెండుసార్లు కబురు పెట్టింది. అదే జవాబు వెళ్లింది. ఆ తర్వాత కబురు రాలేదు.

"చూశావా, సర్దుకుంది" అని వాడు కొంగతో నవ్వుతూ అన్నాడు.

ఆ వారమే పెనుగాలి వీచింది. తుమ్మకొమ్మలు విరిగిపడుతున్నా, మట్టి బరువుకి వాడి గూడు నిలకడగా నిలిచింది. లోపల పిల్లలు వెచ్చగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే గిజిగాడికి పిచ్చుక గుడ్లు గుర్తొచ్చాయి.

గాలి తగ్గగానే మట్టి దండిగా అద్ది, జన్మలో అల్లనంత అందంగా ఒక గూడు అల్లి పంపాడు. సాయంత్రానికి కొంగ దాన్ని మోసుకుంటూ తిరిగొచ్చింది.

"నచ్చలేదా?" అని బెరుగ్గా అడిగాడు.

"చాలా బాగుందంది మామా. లోపల పెట్టుకోవడానికే ఏమీ మిగల్లేదంది."