చీకట్లో ఏరడం

రేపు నా చంకలోని గడ్డ తాలూకు బయాప్సీ రిపోర్టు వస్తుంది. రాత్రి నిద్ర పట్టక, చిప్స్ కోసం దాచిన బంగాళాదుంపలు ఏరుదామని చిన్నగదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఇసుక మీద పరిచిన రెండు బస్తాల్లో పావు వంతు అప్పుడే కుళ్ళిపోయాయి. మా అత్తగారు సూరమ్మ చనిపోయి ఏడాదైనా, ఆవిడ పద్ధతే నాది.

"లైటెయ్యకే కల్పనా, దుంపలు పచ్చగయిపోతాయి. బొటనేలితో నొక్కి సూడు. మెత్తగుంటే బకెట్లో పడెయ్యి" అనేవారు.

నేను గట్టి దుంపను ఇసుక మీద పెట్టాను. అయినా బకెట్లో ఏదో థప్‌మని పడింది.

"ఏటే హాసినీ, నువ్వేనా?"

"సోనే దో నా, మమ్మీ!" అని నిద్రపోనివ్వమంటూ పడగ్గదిలోంచి మా అమ్మాయి హిందీలో విసుక్కుంది.

మళ్ళీ థప్‌మంది. నా ఎదురుగా ఎవరో తొందరపడకుండా ఏరుతున్నారు. ఒక్కో దుంప దగ్గర కాస్త ఆగి, కొన్ని ఇసుక మీదికి, కొన్ని బకెట్లోకి. ఆ చప్పుడు నా మోకాలి దాకా వచ్చి ఆగింది.

చల్లటి బొటనవేలు నా చేతిని తడుముతూ పైకి వచ్చింది. చంకలో గడ్డను వెతికి పట్టుకుని మెల్లగా నొక్కింది.

అనుమానం ఉంటేనే అత్తగారు రెండోసారి నొక్కేవారు.

ఆ వేలు రెండోసారి నొక్కింది.