పేట బస్సులో పేపరు

“కొంచెం మనసులో చదువుకుంటారా అండీ?”

ఇక పట్టలేక అనేసింది పరిమళ.

పక్క సీటు పెద్దాయన ఇంగ్లీషు పేపరులోంచి తలెత్తాడు. ఎడమ చేతిలో గడియారం, మెడకు మఫ్లరు.

నెల రోజులుగా ఇదే వరస. జగ్గయ్యపేటలో ఏడున్నర బస్సెక్కడం, పరిమళ దగ్గర్లో కూర్చోవడం, నందిగామ దాకా గుక్క తిప్పుకోకుండా పైకి చదవడం. మధ్యమధ్య దగ్గు.

“ఇంగ్లీషొచ్చని మనకి తెలియొద్దూ!” అని కండక్టరు నవ్వేవాడు.

పరిమళకి నవ్వు రాలేదు. వారంలో కోర్టు స్టెనో పరీక్ష. నిమిషానికి నూట ఇరవై మాటలు ఇంగ్లీషు షార్ట్‌హ్యాండ్‌లో రాయాలి. నందిగామ ఇన్‌స్టిట్యూట్‌లో డేవిడ్‌రాజు మాస్టారు “డిక్టేషన్” అనగానే ఆమె చెయ్యి వణికిపోయేది. వంద దగ్గరే ఆగిపోయేది. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరు ఛాన్సు.

పైగా స్టెనో నేర్చేవాళ్లకో జబ్బుంది. ఎవరు మాట్లాడినా వేలు దానంతటదే గీతలు గీస్తుంది. ఆయన చదువుతుంటే ఆమె చూపుడువేలు బ్యాగు మీద పరుగులు పెట్టేది. అది ఇంకా చిరాకు.

“ఇంకో నాలుగు రోజులేనమ్మా. తర్వాత నువ్వడిగినా చదవను,” అన్నాడు పెద్దాయన.

“అప్పటిదాకా నేను బతకొద్దా? పరీక్షుంది నాకు. దయచేసి నోరు మూసుకోండి!”

కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి ఇటు చూశాడు.

ఆయన ఒకసారి ఆమె వేలి వంక చూసి, పేపరు మడిచాడు. చిల్లకల్లు టోల్‌గేటు దాటినా మళ్లీ విప్పలేదు.

మర్నాటి నుంచి బస్సులో కనిపించలేదు. పీడా పోయిందనుకుంది పరిమళ.

పరీక్ష హాల్లో డిక్టేషన్ మొదలైంది. రెండో నిమిషానికే పక్కమ్మాయి పెన్సిల్ కింద పెట్టేసింది.

పరిమళ పెన్సిల్ ఆగలేదు. ఇదేంటి, ఇంత నిదానంగా చదువుతున్నారు? ఆ ఆశ్చర్యంలో వణకడం కూడా మర్చిపోయింది.

పాసయిన రోజు డేవిడ్‌రాజు మాస్టారు పొంగిపోయాడు.

“ముందు మా గురువుగారికి స్వీట్లిచ్చి రా. ఫ్రాన్సిస్ గారని, ముప్ఫై ఏళ్లు కోర్టులో స్టెనో. ఈ సందు చివరిల్లే.”

ఆయన భార్య ఆరోగ్యమ్మ తలుపు తీసింది. లోపల మంచం మీద, మెడకు కట్టుతో, ఆ బస్సు పెద్దాయనే నిద్రపోతున్నాడు.

పరిమళ చేతిలో స్వీట్ల డబ్బా జారబోయింది.

“ఈయన... పేట నుంచి ఎప్పుడొచ్చారండీ?”

“పేటలో మాకెవరున్నారమ్మా? పుట్టి పెరిగిందంతా ఈ సందులోనే.”

ఆరోగ్యమ్మ గొంతు తగ్గించింది.

“క్యాన్సరు. ఆపరేషన్ చేస్తే మాట పోతుంది, అప్పటిదాకా గొంతు వాడొద్దన్నాడు డాక్టరు. వింటేగా! డేవిడ్‌రాజు దగ్గర ఎవరో పిల్లకి డిక్టేషనంటే భయమట. చెప్పకుండా నూట ముప్ఫైలో చదివితే అందుకుంటుందని, రోజూ తెల్లారకముందే పేటకెళ్లి ఆ పిల్ల బస్సులోనే తిరిగొచ్చేవారు. చివరికి ఆ పిల్ల నోరు మూసుకోమందట. ఇంటికొచ్చి ‘వేలు అందుకుందే, ఇక చాలు’ అని నవ్వారు, ఆ గొంతుతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదేనమ్మా.”